నేల చూసి తోలే పందెం



2025 డిసెంబరు 6న హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ఒక మోటారు సైకిళ్ళ పందెం జరిగింది. బంతాట ఆడుకునే మైదానం మీద లారీలకు లారీలు మట్టి తోలి, మిట్టలు కట్టి, మలుపులు పెట్టి, ఆ మట్టి మీద బండ్లు ఎగిరించారు. ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ అని దానికి పేరు. మొదటి సీజన్ 2024లో పుణె, అహ్మదాబాదు, బెంగళూరు నగరాల్లో జరిగింది. రెండో సీజన్‌లో మన తెలుగు నేల మీదికి వచ్చింది. పరాయి దేశాల రైడర్లు, మన దేశం కుర్రాళ్ళు, 85 సీసీ బండ్ల మీద చిన్నపిల్లలు కూడా అందులో పందెం తోలారు.

ఇలాంటి పందేల వీడియోలు మన మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ కుర్రాళ్ళ ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. వాటిలో కనబడేది ఒక్కటే: బండి గాలిలోకి లేవడం. ఆ లేవడానికి ముందూ వెనకా ఉన్నదేమిటో పావు నిమిషం వీడియోలో కనబడదు. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది ఆ కనబడని భాగం గురించే. ఎందుకంటే మన పిల్లల్లో ఈ విద్యకు కావలసింది కొంత ఇప్పటికే ఉంది. లేనిది కూడా ఉంది. ఆ లేనిదాన్ని మనం, పెద్దవాళ్ళం, అమర్చి పెట్టగలం.

ముందు ఆట సంగతి. స్టేడియం లోపల, తెచ్చి పోసిన మట్టి మీద జరిగేది సూపర్‌క్రాస్. ఆరుబయట, కొండవాలుల్లో, ఉన్న నేల మీద జరిగేది మోటోక్రాస్. ఇదే పెద్దది, పాతది. ఇంగ్లండులోని కాంబర్లీ అనే చోట 1924లో జరిగిన పందెంతో దీని కథ మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక యూరప్ పల్లెల్లో ఇది బాగా పాకింది. 1947లో దేశాల జట్ల మధ్య పోటీ వచ్చింది. 500 సీసీ తరగతికి 1957లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా వస్తే, ఆ ఏడు స్వీడన్‌కు చెందిన బిల్ నిల్సన్ గెలిచాడు. సూపర్‌క్రాస్ చాలా తర్వాతిది. 1972లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కొలీజియం స్టేడియంలో పెట్టిన పందెం నుంచి అది పుట్టింది. ఆ రాత్రి గెలిచిన మార్టీ ట్రైప్స్ వయసు 16 ఏళ్ళు.

ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండు ముఖ్యమైన తరగతులున్నాయి. 450 సీసీ బండ్లది ఎంఎక్స్‌జీపీ. 250 సీసీ బండ్లది ఎంఎక్స్2. ఈ రెండో దాంట్లో 23 ఏళ్ళు దాటినవాళ్ళకు చోటు లేదు. ఆడపిల్లలకు వేరే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది. ఏడాదిలో సుమారు 20 చోట్ల పందేలు పెడతారు. ఒక్కో చోట రెండేసి సార్లు తోలాలి. ఒక్కో పందెం 30 నిమిషాలు, ఆపైన ఇంకో రెండు చుట్లు. మొదట వచ్చినవాడికి 25 పాయింట్లు, రెండోవాడికి 22, మూడోవాడికి 20, అలా తగ్గుతూ ఇరవయ్యోవాడికి ఒక పాయింటు.

అరగంటేగా అనిపిస్తుంది. గీత దగ్గర 40 బండ్ల దాకా ఒకే వరసలో నిలబడతాయి. ప్రతి బండి ముందు చక్రానికి ఎదురుగా మోకాలెత్తు ఇనుప గేటు. 15 సెకన్ల బోర్డు చూపిస్తారు, తర్వాత 5 సెకన్ల బోర్డు. ఆ తర్వాత 5 నుంచి 10 సెకన్ల లోపల ఏ క్షణాన గేటు పడుతుందో ఎవరికీ తెలియదు. పడగానే అందరూ ఒకే మలుపు మీదికి దూసుకుపోతారు. అక్కడ దారి ఇరుకు. ముందున్న బండి వెనక చక్రం చిమ్మే మట్టీ రాళ్ళూ వెనకవాడి ముఖం మీద పడతాయి. అక్కడినుంచి అరగంట సేపు గుండె నిమిషానికి 180 సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా కొట్టుకుంటుంది. మిట్ట ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రైడరు సీటు మీద కూర్చోడు, కాళ్ళ మీద నిలబడి తోలుతాడు. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. క్లచ్చు నొక్కడానికి వేళ్ళు రాని స్థితి వస్తుంది. ప్రపంచ స్థాయి రైడర్లు పొద్దున సైకిలు తొక్కి, పరుగెత్తి, వ్యాయామం చేసి, తిండి లెక్కగా తిని బతికేవాళ్ళు. తాగి బండెక్కేవాడు ఈ ఆటలో మొదటి చుట్టు కూడా పూర్తి చెయ్యలేడు.

ఇంకో మాట. మోటోక్రాస్ చుట్టు ఒకటి కిలోమీటరున్నర పైచిలుకు ఉంటుంది. దాన్ని తిరగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అంటే ప్రపంచ విజేతల సగటు వేగం గంటకు 50, 60 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. మన పిల్లలు చొక్కా గుండీలు విప్పుకుని, హెల్మెట్ లేకుండా, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని హైవే మీద తోలే వేగం దీనికంటే ఎక్కువ. ఆ సంగతి వాళ్ళకు చెప్పి చూడండి, ఎవరూ నమ్మరు. గొప్ప రైడరు గొప్పతనం వేగంలో లేదు. నేలను చదవడంలో ఉంది.

ఈ నేల చదవడం గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. తారు రోడ్డు పందెంలో దారి మారదు. మట్టి పందెంలో ప్రతి చుట్టుకూ మారుతుంది. 40 బండ్లు పోయిన మలుపులో గాడులు పడతాయి. మొదటి చుట్టులో చక్కగా ఉన్న దారి అయిదో చుట్టుకు మోకాలి లోతు గాడి అవుతుంది. తడి ఉన్న చోట చక్రం పట్టు దొరుకుతుంది, ఎండిన చోట జారుతుంది. బాగా గట్టిపడి నున్నగా మెరిసే చోట ఇంకా జారుతుంది. ఎక్కడ బ్రేకు వెయ్యాలో, ఏ గాడిలో చక్రం పెట్టాలో, ఏ గాడిని వదిలేసి కొత్త దారి తియ్యాలో, రైడరు ఆ క్షణాన తేల్చుకోవాలి. ఇసుకలో ఇంకో విద్య కావాలి. బరువు వెనక్కి వేసి, ముందు చక్రం తేలికగా ఉంచి, యాక్సిలరేటరు వదలకుండా తోలాలి. వదిలితే చక్రం కూరుకుపోతుంది. బెల్జియంలో లోమెల్ అనే ఊరి దగ్గర ఇలాంటి ఇసుక ట్రాకు ఉంది. గట్టినేల మీద పెరిగి ప్రపంచంలో మొనగాళ్ళైనవాళ్ళు ఆ ఇసుకలో అల్లాడిపోయారు.

1981లో అక్కడ ఒక విచిత్రం జరిగింది. అమెరికా నుంచి నలుగురు కుర్రాళ్ళు దేశాల జట్ల పోటీకి వచ్చారు. వాళ్ళ దేశంలో వాళ్ళు మొదటి వరస రైడర్లని ఎవరూ అనుకోలేదు. బెల్జియం ఇసుకలో బెల్జియం వాళ్ళనే ఓడించారు. వారం తిరిగేలోగా పశ్చిమ జర్మనీలో అసలు పోటీ, మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్ కూడా గెలిచారు. వాళ్ళ జట్టును నడిపినవాడు రోజర్ డి కోస్టర్. ఆయన బెల్జియం మనిషి. 500 సీసీ తరగతిలో అయిదుసార్లు ప్రపంచ విజేత. ఆ ఇసుక ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ఏడు మొదలుపెట్టి 1993 దాకా వరసగా 13 సార్లు ఆ దేశాల కప్పు అమెరికాదే. కుర్రాళ్ళలో సత్తా లేకపోతే గెలవరు, అది నిజం. నేల తెలిసిన గురువు పక్కన ఉండటం కూడా అంత నిజం.

మరి మన నేల ఎలాంటిది? మార్కాపురం అంటే దేశమంతా తెలిసింది పలక. ఒకప్పుడు బడికి పోయే ఎంతమంది పిల్లలు మన పలక మీద అక్షరాలు దిద్దారో! ఈ పలకరాయి కంభం పొరలు అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే రాతి వరసల్లోది. కడప బేసిన్ అనే మహా పురాతన రాతి పళ్ళెంలో భాగం, వంద కోట్ల ఏళ్ళకు పైబడిన వయసు దానిది. మన ఊళ్ళ పక్కన గనుల్లోంచి తీసి పారబోసిన పలక వృథా గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. కుర్రాళ్ళు బండ్లు తీసుకుని ఆ గుట్టలెక్కడం చూసినవాళ్ళు ఎవరైనా, ఇదిగో ట్రాకు ఇక్కడే ఉందిగా అంటారు.

నేను గట్టిగా కాదంటాను. పలకరాయి పొరలు పొరలుగా పగులుతుంది. పగిలిన అంచు కత్తి. అది టైరును కోస్తుంది, పడినవాడి మోచేతినీ మోకాలినీ కోస్తుంది. ముందు బండి చిమ్మితే వెనకవాడి కంట్లో పడుతుంది. అన్నిటికీ మించి ఆ దుమ్ములో సిలికా ఉంది. పలకల పనిలో ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయో మన కార్మికుల కుటుంబాలకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల్ని ఆటకని ఆ దుమ్ములోకి పంపకూడదు.

నల్లమలలోకి అసలే పోకూడదు. గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయే ఘాటు, దోర్నాల నుంచి శ్రీశైలానికి పోయే ఘాటు, ఈ రెండు దారుల్లో మలుపులు చూస్తే బండి ఉన్న ఏ కుర్రాడికైనా చేతులు ఊరుకోవు. కానీ అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న అడవి. రోడ్డు దిగి అడవిలో బండి తోలడం నేరం. నేరమన్నది పక్కన పెట్టినా, ఆ శబ్దానికి అడవి జీవాలు పడే బాధ పెద్దది. ఈ ఆటను ప్రేమించేవాడెవడూ అడవిని తొక్కడు.

కావలసింది మామూలు నేల. మన దగ్గర ఎర్రనేల ఉంది, నల్లరేగడి ఉంది, రెండూ కలిసిన చోట్లున్నాయి. మోటోక్రాస్ ట్రాకు తయారుచేసే తీరు మన రైతుకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ముందు రాళ్ళు ఏరాలి. తర్వాత ట్రాక్టరుతో దున్ని మట్టిని గుల్ల చెయ్యాలి. జిగటగా ఉన్న మట్టిలో ఇసుకో రంపపు పొట్టో కలుపుతారు. తర్వాత నీళ్ళు పట్టి, తడి లోపలికి దిగనిచ్చి, అప్పుడు బండ్లు వదులుతారు. పైపైన చల్లితే పైన బురద, లోపల దుమ్ము. దుక్కికి పదును చూసే మనిషి ట్రాకుకు పదును చూడగలడు.

ఇక్కడ అసలు చిక్కు నీళ్ళు. మన మార్కాపురం వైపు నీళ్ళ సంగతి నేను చెబితే మీరు వినాలా? బోర్లలో ఫ్లోరైడు, ఎండాకాలం ట్యాంకర్ల వెనక బిందెల వరస, వెలిగొండ ప్రాజెక్టు కోసం తరాల ఎదురుచూపు. అలాంటి చోట ఆట కోసం ట్యాంకర్లతో నీళ్ళు తడపమని నేను అడగను. అడిగినా మీరు ఒప్పుకోకూడదు. దీనికి ఒకటే దారి కనిపిస్తుంది నాకు. వానలు పడి నేల తనంతట తాను పదును మీద ఉండే నెలల్లోనే ఈ ఆట జరగాలి. అక్టోబరు వానల తర్వాత సంక్రాంతి దాకా. ఎండాకాలం ట్రాకు మూసెయ్యాలి, ఆ నెలల్లో పిల్లలు బండి విప్పి బిగించడం నేర్చుకోవచ్చు. అదీ ఈ ఆటలో సగం విద్యే.

బండి మాట వచ్చింది కనుక. మోటోక్రాస్ బండికి లైటు లేదు, హారను లేదు, అద్దాలు లేవు, నంబరు ప్లేటు లేదు. రోడ్డెక్కడానికి అనుమతి లేదు. 450 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. మన ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ కనబడే స్ప్లెండర్ బరువూ ఇంచుమించు అంతే. స్ప్లెండర్ బలం 8 హార్స్ పవర్, దాని బలం 50 దాటుతుంది. దాని ముందు చక్రం దాదాపు అడుగు ఎత్తు కిందికీ పైకీ ఆడుతుంది. మన రోడ్డు బండికి అందులో సగం కూడా ఉండదు. అందుకే స్ప్లెండర్ మీద గుట్టెక్కి దూకేవాడి బండికి ఛాసిస్ విరుగుతుంది, లేదా వాడి వెన్ను విరుగుతుంది. బండి తప్పు కాదు, ఆ పనికి చేసిన బండి కాదు అది.

మన రోడ్డు బండ్లకు మోటోక్రాస్ చేసిన మేలు ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఇవాళ యమహా ఎఫ్‌జెడ్ లాంటి బండ్లకు వెనక చక్రం మీద రెండు షాకబ్జర్ల బదులు ఒక్కటే ఉంటుంది. అది మట్టి పందెంలోంచి వచ్చిన తెలివి. లూసియెన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజినీరు ఆలోచన అది. యమహా దాన్ని తీసుకుంది, 1973లో హకాన్ ఆండర్సన్ ఆ బండి మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇప్పుడు మార్కాపురం మెకానిక్ షెడ్లలో పిల్లలు దాన్ని విప్పి బిగిస్తున్నారు.

ఖర్చు దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. 2024 చివర్లో కేటీఎం సంస్థ తన మోటోక్రాస్ బండ్లను మన దేశంలో అమ్మకానికి పెట్టింది. పెద్ద బండి ధర 10 లక్షలు దాటింది. చిన్నపిల్లలు తోలే 50 సీసీ బండికే నాలుగున్నర లక్షల పైన. పలకల ఫ్యాక్టరీలో కూలికి పోయే ఇంటికి, వలస పోయి బతికే ఇంటికి ఇది మాట్లాడుకునే అంకె కాదు. అందుకే ఒక్కొక్క తండ్రి ఒక్కొక్క బండి కొనే పద్ధతిలో ఈ ఆట మన దగ్గర బతకదు. నాలుగైదు బండ్లు ఒక చోట ఉండి, పిల్లలు వంతులవారీగా తోలే పద్ధతిలో బతుకుతుంది. మొదట్లో 100, 125 సీసీ పాత బండ్లను మట్టికి తగ్గట్టు మార్చి, చదునైన మట్టి ట్రాకు మీద, ఎగరకుండా, మలుపులు మాత్రమే నేర్పవచ్చు. ఎగరడం చివరి పాఠం.

మన దేశంలో ఇలా మట్టి మీద నేర్చుకుని పైకి వచ్చినవాళ్ళున్నారు. బెంగళూరు రైడరు సి.ఎస్. సంతోష్ సూపర్‌క్రాస్‌లో పెరిగాడు. 2015లో డకార్ ర్యాలీ అనే సుదూర పందెం పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడు అతని స్థానం 36. 2021లో అదే ర్యాలీలో సౌదీ అరేబియా ఎడారిలో పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది, డాక్టర్లు అతన్ని కోమాలో ఉంచి వైద్యం చెయ్యాల్సి వచ్చింది. బతికి బయటపడ్డాడు. కోలారులో బిగ్‌రాక్ డర్ట్ పార్క్ పేరుతో ట్రాకు పెట్టి నేర్పుతున్నదీ అతనే. కోలారు మనకు పరాయిది కాదు. పలమనేరు దాటితే వచ్చే ఊరు, వీధి వీధినా తెలుగు వినబడే జిల్లా. నేలా, రాళ్ళూ, వానలేమీ మనవే అనిపిస్తాయి. కేరళ నుంచి వచ్చిన హరిత్ నోవా సూపర్‌క్రాస్‌లో చాలాసార్లు జాతీయ విజేత, 2024 డకార్‌లో ర్యాలీ2 తరగతిలో మొదటివాడు. బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ర్యాలీల ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది. మోటారు క్రీడల్లో ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటి భారతీయురాలు ఆమె. మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మాత్రం మన పేరు రాయించుకునేవాడు ఇంకా రావాలి.

రావడం సాధ్యమేనా? చిన్న దేశాలు ఏం చేశాయో చూడండి. విస్తీర్ణంలో బెల్జియం మన రాష్ట్రంలో అయిదో వంతు కూడా ఉండదు. మోటోక్రాస్‌లో అందరికంటే ఎక్కువ ప్రపంచ టైటిళ్ళు దానివే. స్టెఫాన్ ఎవర్ట్స్ ఒక్కడే 10 గెలిచాడు, అతని తండ్రి హ్యారీ 4 గెలిచాడు. అక్కడ ఆదివారం పల్లెల్లో పందేలు జరగడం పాత అలవాటు. 2022లో ఇండోనేషియాలో సుంబావా అనే ద్వీపంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రౌండు జరిగింది. సుంబావా రాజధాని కాదు, మహానగరం కాదు. గుర్రప్పందేలకు పేరున్న మెట్ట ప్రాంతం.

స్లోవేనియా అని ఒక దేశం ఉంది. దేశమంతా కలిపి జనాభా 20 లక్షలకు కాస్త పైన. అందులో మకోలె అనే చిన్న ఊరి కుర్రాడు టిమ్ గైజర్. 2015లో ఎంఎక్స్2 గెలిచాడు. 2016, 2019, 2020, 2022లో పెద్ద తరగతి గెలిచాడు. అయిదుసార్లు ప్రపంచ విజేత. అతనికి నేర్పింది తండ్రే, తండ్రి కూడా రైడరే. టిమ్ బండి మీద 243 అనే అంకె ఉంటుంది. అతను పుట్టకముందు అతనికో అన్న ఉండేవాడు, పేరు జాన్. పుట్టినరోజు మార్చి 24. అక్కడ తేదీ ముందు, నెల వెనక, అదే 243. మూడేళ్ళ వయసులో ఆ పిల్లవాడు ట్రాకు మీదికి పరుగెత్తాడు. అప్పుడే మిట్ట మీదినుంచి ఎగిరి దిగుతున్న బండి కింద పడ్డాడు. ఆ బండి తోలుతున్నది సొంత తండ్రి.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మన ఊళ్ళ సందర్భాలు గుర్తుకొస్తాయి. పండగకు బైకుల ర్యాలీ పెడతాం. పిల్లలు రోడ్డుకు అడ్డం పరుగెడుతూ ఉంటారు. కంచె ఉండదు, జెండా పట్టుకునేవాడుండడు, అంబులెన్సు ఉండదు. మిట్ట వెనక ఏముందో ఎగిరేవాడికి కనబడదు. మోటోక్రాస్‌లో దీనికోసమే ప్రతి మిట్ట దగ్గరా మనిషిని నిలబెడతారు. అతని చేతిలో పసుపు జెండా. అవతల ఎవరైనా పడితే ఊపుతాడు. ఆ జెండా కనబడితే ఎగరకూడదు, ముందున్నవాణ్ణి దాటకూడదు, ప్రపంచ విజేత అయినా సరే. తెల్ల జెండా మీద ఎర్ర శిలువ ఉంటే డాక్టర్లు ట్రాకు మీద ఉన్నారని గుర్తు. అప్పుడు మిట్టలన్నీ మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. నీలం జెండా వెనకబడినవాడికి, దారి ఇవ్వమని. ఎర్ర జెండా పడితే పందెం ఆగిపోయినట్టే. జెండా మాట వినని రైడరుకు శిక్ష తప్పదు. ఈ ఆటలో పిల్లవాడు మొదట నేర్చుకోవలసింది ఈ జెండాలనే.

అలా నిలబడేవాళ్ళను ఎక్కడినుంచి తేవాలి? గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు పల్లెల్లో సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెప్పిన చోట చెప్పినంతసేపు కదలకుండా నిలబడటం, ప్రమాదం జరిగితే కంగారు పడకుండా పని చెయ్యడం వాళ్ళకు తెలుసు. వాళ్ళకంటే మంచి మార్షళ్ళు ఈ దేశంలో దొరకరని నా నమ్మకం.

పందెం పెట్టడం మనకు రాదనుకోకండి. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు మనం ఎంత పకడ్బందీగా పెడతాం! ఎడ్లను పళ్ళు చూసి విడగొడతాం. పాలపళ్ళ జత వేరు, రెండు పళ్ళ జత వేరు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. పాలపళ్ళ గిత్తకు సీనియర్ బండ కట్టే మనిషి మన జిల్లాలో ఎక్కడా ఉండడు, కడితే జనం ఊరుకోరు. మైదానం చదును చేస్తాం, రాళ్ళు ఏరేస్తాం, పక్కన కట్టెలు పాతి తాళ్ళు కడతాం, సమయం పెట్టి, లాగిన దూరం అడుగుల్లో కొలిచి మైకులో చెబుతాం. మోటోక్రాస్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు 50, 65 సీసీ, పదేళ్ళు దాటితే 85, తర్వాత 125, ఆపైన 250, చివరికి 450. వయసుకు తగ్గ బండి, బండికి తగ్గ ట్రాకు. ఎడ్ల విషయంలో మనం తప్పనిదాన్ని పిల్లల విషయంలో తప్పుతున్నాం. తొమ్మిదో తరగతి పిల్లవాడికి 200 సీసీ బండి తాళం చేతిలో పెట్టి రోడ్డు మీదికి పంపుతున్నాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. చట్టం భయం చెబుతోంది. ఆ పిల్లవాడు బండి ఎక్కడ తోలుకోవాలో చెప్పే చోటు ఒక్కటీ మనం చూపించలేదు.

నేను అడిగేది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను మార్కాపురం తెమ్మని కాదు. నాలుగైదు ఎకరాల రాళ్ళులేని నేల. చుట్టూ కంచె. జెండాలు తెలిసిన పదిమంది. వారానికి ఒక పూట అంబులెన్సు. అందరికీ సరిపడా హెల్మెట్లు, బూట్లు, మోకాలి కవచాలు, ఛాతీ కవచాలు. దేశంలో మోటారు క్రీడలకు ఎఫ్ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య ఉంది. పందేలకు అనుమతులూ రైడర్లకు లైసెన్సులూ అదే ఇస్తుంది. దాని నియమాలు తెప్పించుకుని చదివి, ఆ ప్రకారం పెట్టాలి. తిరునాళ్ళ కమిటీలకు చందాలు పోగుచేసే అనుభవం ఉంది, ట్రాక్టర్లున్న రైతులున్నారు, మెకానిక్కులున్నారు. సోమవారం పొద్దున కూర్చుంటే శుక్రవారానికి నేల చూసి రాగలిగినవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. న్యూజిలాండ్‌లో పామర్‌స్టన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన కోర్ట్నీ డంకన్ నాలుగుసార్లు ప్రపంచ విజేత. ఇటలీ అమ్మాయి కియారా ఫోంటనేసి ఆరుసార్లు. మన పల్లెల్లో ఇప్పుడు స్కూటీ మీద కాలేజీకి పోయే ఆడపిల్లలు, పాల క్యాన్లు కట్టుకుని డొంకదారిలో బండి తోలే ఆడపిల్లలు కనబడుతున్నారు. గాడులు పడిన డొంకలో 40 లీటర్ల పాలు ఒలకకుండా తెచ్చే పిల్లకు మట్టిలో బరువు ఎక్కడ వెయ్యాలో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రాకు వస్తే దాని గేటు వాళ్ళకూ తెరవాలి.

ట్రాకు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. హెల్మెట్ ఈ సాయంత్రమే కొనవచ్చు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది తీసుకోండి. పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయి తలకు పెట్టి చూడండి. గడ్డం కింద పట్టీ బిగించి, హెల్మెట్ వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. తల మీదినుంచి ఊడి వస్తే అది పెద్దది, వద్దు. బుగ్గలు కాస్త నొక్కుకుపోయినట్టుండాలి, నుదుట మాత్రం నొప్పి పుట్టకూడదు. ఒకసారి గట్టిగా కింద పడిన హెల్మెట్ పైకి బాగానే కనబడినా లోపలి థర్మోకోల్ నలిగి ఉండవచ్చు, దాన్ని మళ్ళీ వాడకండి. పట్టీ కట్టుకోకుండా పెట్టుకుంటే పెట్టుకోనట్టే.